నల్లది బెదిరిస్తుంది... ఎర్రది ప్రాణం తీస్తుంది!

'అమ్మో, మండ్రగబ్బ!' ఆ కేక వినపడితే చాలు... గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇంటిల్లిపాదీ చెప్పులు అందుకుంటారు. నల్లటి భారీ ఆకారం, పట్టకారులాంటి లావుపాటి ముందుకాళ్లు... చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. కానీ దీనికి చుట్టమైన ఆఫ్రికా 'ఎంపరర్' తేలును విదేశాల్లో గాజుపెట్టెల్లో ముచ్చటగా పెంచుకుంటారు! మండ్రగబ్బ కుడితే నొప్పి, మంట ఉంటాయి. ప్రాణాపాయం మాత్రం అరుదు.

అసలు భయపడాల్సింది పత్తికట్టె మోపులోనో, మిర్చి బస్తా కిందో నక్కే చిన్న ఎర్రతేలుకి. పట్టకార్లు సన్నం, తోక లావు... ఇదీ ఆనవాలు. దీని విషం గుండెను దెబ్బతీస్తుంది. పిల్లలకు మరీ ప్రమాదం. ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లూచేతులూ చల్లబడటం ముప్పుకు సూచనలు.

మరి మంత్రం వేస్తే తగ్గిందంటారే? విషం తక్కువైన తేలు కుడితే నొప్పి తనంతట తానే తగ్గుతుంది. పేరు మంత్రానికొస్తుంది! ఎర్రతేలు దగ్గర ఆ ఆటలు సాగవు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల్లో రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మందుతో ఎందరో బాధితుల్ని బతికించారు. 2022లో ఆయన్ని పద్మశ్రీ వరించింది.

చీకట్లో కుట్టిందేదో తెలియలేదా? ఎర్రతేలే అనుకోండి. వెతుకుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి!