మోటారునకు పోవు తీగ

నాగర్‌కర్నూలు జిల్లా లింగాలలో పంచాయతీ మంచినీటి మోటారు, మీటరునకు దూరముగా ఉన్నదనుకొందము. మీటరు వద్ద 230 వోల్టులు, మోటారు వద్ద 210. ప్రవాహము 10 ఆంపియరులు. తక్కిన 20 వోల్టులు ఎచ్చటికి పోయినవి?

పోవు తీగ, వచ్చు తీగ, ఈ రెంటిలోనే. వోల్టులను ఆంపియరులచే భాగించినచో నిరోధము తెలియును: ఇచ్చట 2 ఓములు. ఈ సూత్రమును 1827లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఓం ప్రకటించెను. గుణించినచో తీగలలో వ్యయమగు సామర్థ్యము వచ్చును: 200 వాట్లు. (మోటారు సామర్థ్యమునకు మాత్రము ఈ గుణకారము చాలదు, పవర్ ఫ్యాక్టరును కూడ లెక్కింపవలెను.)

ఈ 200 వాట్లు వట్టి వేడి. దినమునకు 8 గంటల చొప్పున నెలకు 48 యూనిట్లు. బిందెడు నీరైనను రాలేదు. వెల పంచాయతీ నిధినుండి పోయినది.

దుకాణమున చదరపు మిల్లీమీటర్లలో చెప్పు కొలత రెండింతలున్న, అదే లోహపు తీగను వేసినచో నిరోధము సగమగును. అంతే ప్రవాహమునకు నష్టము 100 వాట్లే. వోల్టేజి తగ్గినకొలది బరువు లాగుచున్న మోటారు ఎక్కువ ప్రవాహమును గైకొనును; తుదకు వైండింగు కాలును. కావున క్రొత్త మోటారునకు తీర్మానము చేయుటకు ముందే, లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే రెండు కొనలయందును వోల్టేజి కొలిపింపవలెను. మోటారు నడచుచుండగనే కొలవవలెను. ఆగియున్నప్పుడు రెండుచోట్లను ఒకే అంకె కనబడును.