రంగు ఆరినా వాసన ఎందుకు పోదు?

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఉక్కు పనికి వచ్చినవారి కోసం కట్టిన ఆ కాలపు క్వార్టర్లలో మన తెలుగు కుటుంబాలెన్నో ఉంటున్నాయి. పాత గోడలు కాబట్టి మరమ్మతు తప్పదు. సాధారణంగా దీపావళికి ముందు రంగులు వేయిస్తారు. పండుగ కాగానే రాత్రులు చల్లబడతాయి, కిటికీలు మూసుకుంటాయి. వాసన లోపలే ఉండిపోతుంది.

తలుపులకు వేసే ఎనామిల్ రంగు రెండు దశల్లో ఆరుతుంది. మొదట ద్రావణి, అంటే రంగును పల్చన చేసే టర్పెంటైన్ లాంటి ద్రవం, ఆవిరవుతుంది. ఆ ఘాటు కొన్ని రోజుల్లో తగ్గుతుంది. తర్వాత రంగులోని నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతూ ఆల్డిహైడ్లనే ఘాటు వాయువులను వదులుతుంది. తలుపు మీద వేలు పెడితే రంగు అంటదు. అయినా లోపల ఈ గట్టిపడే పని వారాల తరబడి సాగుతూనే ఉంటుంది.

కాబట్టి వాసన పోవాలంటే ఆ ఆవిర్లు ఇంట్లోంచి బయటికి పోవాలి. సాంబ్రాణి వేస్తే అవి పోవు, వాటికి పొగ తోడవుతుంది.

వేసవి కూలర్ ఇక్కడ బాగా పనికొస్తుంది. నీళ్ల పంపు ఆపి ఫ్యాన్ మాత్రమే తిప్పండి, ఎదురు కిటికీ బార్లా తెరవండి. నీళ్లు వద్దనడానికి కారణముంది: తేమ వల్ల రంగు ఆరడం ఆలస్యమవుతుంది. కొత్త ప్లైవుడ్ అల్మారా ఉంటే మరీ జాగ్రత్త. దాని జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు తేమకూ వేడికీ పెరుగుతుంది. ఘనమీటరు గాలిలో అది 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అల్మారా తెరవగానే కళ్లు మండితే తలుపులు తీసే ఉంచండి, పిల్లలను ఆ గదిలో పడుకోబెట్టకండి.

వాసన తగ్గిందో లేదో ఇంట్లోనే కూర్చుంటే తెలియదు, ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది. పావుగంట వీధిలో తిరిగి రండి. గడప దాటాక పీల్చే మొదటి శ్వాసను నమ్మండి.

బాత్రూమ్ బాగుచేయించాక మురుగు వాసన వస్తే కారణం వేరు. నహానీ ట్రాప్‌లో, అంటే బాత్రూమ్ నేల నీళ్లు పోయే చోట జాలీ కింద ఉండే గిన్నెలాంటి భాగంలో, నిలిచే నీళ్లే మురుగు గాలిని ఆపుతాయి. పని జరిగినన్నాళ్లు వాడక అవి ఎండిపోతాయి. రెండు చెంబుల నీళ్లు పోసి మర్నాడు చూడండి. వాసన మళ్లీ వస్తే ట్రాప్ పగిలి ఉండవచ్చు. ఫినాయిల్ పోసి ఊరుకోకుండా, టైల్స్ సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే మేస్త్రీని పిలవండి.