నియుద్ధము – తుములము: మల్లశిక్షా సైనికశిక్షల తారతమ్యము

అమరసింహుడు తన కోశమునందలి క్షత్రియవర్గమున నియుద్ధ, తుముల శబ్దములను వెంటవెంటనే పఠించినాడు. నియుద్ధమనగా బాహుయుద్ధము. తుములమనగా రణసంకులము, అనగా ఎవరు ఎవరితో పోరుచున్నారో తెలియరాని సంకీర్ణయుద్ధము. కోశపాఠమున ఈ రెండు పదములు ప్రక్కప్రక్కనే యున్నను, వానిచే బోధ్యములగు అర్థముల నడుమ దూరము మిక్కిలి గొప్పది.

మల్లవిద్యలో ఆరితేరినవాడును, సేనలో శిక్షితుడైనవాడును ఎదురుపడినచో జయమెవ్వరిది యను ప్రశ్న తఱచుగా వినవచ్చుచుండును. మన గ్రంథములను బోధించువారు సయితము యుద్ధవిద్య యను ఒక్క మాటతో ఈ రెండు శిక్షలను కలిపి చెప్పుట కలదు. కాని పోరు ఎక్కడ జరుగుచున్నది, ఎందఱి నడుమ జరుగుచున్నది, ఏ నియమములకు లోబడి జరుగుచున్నది అను విశేషణములను విడిచి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట సాధ్యము కాదు. ఈ విశేషణములను మన ప్రాచీనులు చక్కగా గుర్తించిరని నిరూపించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

మొదట మల్లశిక్షను పరిశీలింతము. కల్యాణ చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను ప్రకరణము కలదు. అందు మల్లులు వయస్సును, దేహమును, బలమును బట్టి తరగతులుగా విభజింపబడిరి. బరువులెత్తు భారశ్రమము, నడకతో చేయు భ్రమణశ్రమము, నీటిలో ఈదు సలిలశ్రమము, బాహువులతో పెనగు అభ్యాసము, స్తంభము నాశ్రయించి చేయు స్తంభశ్రమము అను వ్యాయామములు వారికి విధింపబడినవి. వారి ఆహారము రాజపోషితము. ఈ ప్రకరణము వినోదములలో చేర్చబడుట గమనింపదగినది. మల్లుని పోరునకు ప్రేక్షకుడు కలడు, నిర్ణీతమైన రంగము కలదు, సమానుడైన ప్రత్యర్థి యొక్కడే కలడు. రంగమున మూడవవాడు ప్రవేశింపడు. ఈ నిశ్చయముపైననే ఆ విద్య యంతయు నిలిచియున్నది.

ఇక సైనికశిక్ష. కౌటిలీయార్థశాస్త్రమున గజాశ్వరథపదాతులు సంధిదినములు తప్ప ప్రతిదినము సూర్యోదయమున నగరము వెలుపల అభ్యాసము చేయవలెననియు, రాజు వారిని తఱచుగా పరీక్షింపవలెననియు చెప్పబడినది. ఆ గ్రంథముననే భృతబలము శ్రేణీబలముకంటె శ్రేష్ఠమగుటకు చూపబడిన కారణములు మూడు: ఎల్లప్పుడు దగ్గఱ నుండుట, శీఘ్రముగా లేచి కదలుట, వశమున నుండుట. బాహుబలము ఇచట కారణముగా పఠింపబడలేదు. అట్లని కౌటిల్యుడు ఆయుధవిద్య నుపేక్షింపలేదు. ప్రహరణవిద్యలో వినీతమైన క్షత్రియబలమును ఆయన మెచ్చినాడు. కాని ఆ విద్య వశ్యతతో కూడినప్పుడే సేన యగును.

వ్యూహప్రకరణమున ఇంకొక సూక్ష్మము కలదు. పదాతికిని పదాతికిని నడుమ ఒక శమము, అనగా 14 అంగుళముల ఎడముంచవలెనని కౌటిల్యుడు చెప్పినాడు. నేటి కొలతలో ఇది సుమారు 26 సెంటీమీటర్లు. ఇరుకు లేక సుఖముగా పోరుటకై ఈ ఎడమును రెండింతలుగనో మూడింతలుగనో చేయవచ్చుననియు చెప్పినాడు. మూడింతలైనను ఒక గజమునకు లోపే. అగ్నిపురాణమునందలి ధనుర్వేదాధ్యాయములలో ఖడ్గచర్మధారికి భ్రాంతము, ఉద్భ్రాంతము మొదలుగా 32 గతులు చెప్పబడినవి. చుట్టు తిరుగుచు, ఎగురుచు చేయవలసిన ఆ గతులకు వ్యూహములోని ఎడము చాలదు. అట్టి చోట గతులలో ప్రవీణుడు తన ప్రావీణ్యమును చూపబూనినచో మొదట గాయపడువాడు ప్రక్కనున్న స్వపక్షీయుడే యగును. కావున వ్యూహమున నిలుచువానికి కావలసిన ప్రథమశిక్ష తన స్థానమును విడువకుండుట యని నా యూహ.

ఆ అగ్నిపురాణమే ఆయుధప్రయోగములను యంత్రముక్తము, పాణిముక్తము, ముక్తసంధారితము, అముక్తము, నియుద్ధము అని ఐదు విధములుగా విభజించినది. పిదప ధనుర్యుద్ధమును శ్రేష్ఠముగాను, ప్రాసయుద్ధమును మధ్యమముగాను, ఖడ్గయుద్ధమును జఘన్యముగాను, బాహుయుద్ధమును అంతకంటె అవరముగాను గణించినది. ఇది మల్లవిద్యానింద యని కొందఱు తలంపవచ్చును. అది సరికాదు. నింద్యమైనచో దానిని ధనుర్వేదమున ఐదవ అంగముగా పరిగణింపనే యక్కఱలేదు. ఈ క్రమము దూరమును బట్టి యేర్పడినది. శత్రువు ఎంత దూరమున ఆగిపోయిన అంత మేలు. ధనుస్సు విఱిగి, ప్రాసము పోయి, ఖడ్గము జాఱిన పిమ్మట మిగులునది బాహువులు. అది అధమమైన విద్య కాదు, అంతిమమైన విద్య.

ఈ అంతిమస్థితికి మహాభారతమున సాత్యకి భూరిశ్రవసుల యుద్ధముకంటె మంచి నిదర్శనము లేదు. పదునాలుగవ దినమున సాత్యకి కౌరవసేనను చీల్చుకొని అర్జునుని సమీపమునకు వచ్చుసరికి మిక్కిలి అలసియుండెను. భూరిశ్రవసుడు అలయనివాడు. రథములు పోయినవి, ఖడ్గయుద్ధము ముగిసినది, ఇరువురును బాహుయుద్ధమునకు దిగిరి. యుద్ధకరణములు 32 ఉన్నవనియు, వానినన్నిటిని వారిరువురును ప్రదర్శించిరనియు వ్యాసుడు చెప్పినాడు. అనగా విద్యలో లోపము లేదు. అయినను సాత్యకి క్రింద పడెను. శ్రమమే ఆయనను పడవైచినది. భూరిశ్రవసుడు కేశములు పట్టి, ఱొమ్ముపై కాలు మోపి, ఖడ్గమెత్తగా, కృష్ణునిచే ప్రేరితుడైన అర్జునుడు దూరమునుండి బాణముతో ఆ బాహువును ఖండించెను.

తరువాత జరిగిన సంవాదమే మన ప్రశ్నకు మూలము. ఇంకొకనితో పోరుచున్న నన్ను ఏల కొట్టితివని భూరిశ్రవసుడు నిందించెను. ఇది మల్లరంగధర్మము. సేనాసముద్రమున ఒకనికి ఒకనితోనే యుద్ధమెట్లు సంభవించును, తనవారిచే పరివృతులై ఒకరినొకరు ఆశ్రయించి కదా యోధులు పోరుచున్నారు అని అర్జునుడు ప్రత్యుత్తర మిచ్చెను. ఇది తుములధర్మము. భూరిశ్రవసుడు మల్లవిద్యలో గెలిచినాడు, యుద్ధమున ఓడినాడు. ఆయన ప్రాయోపవిష్టుడై యుండగా, కృష్ణార్జునులు మొదలగువారు వారించుచున్నను సాత్యకి శిరస్సు ఖండించుట వ్యాసుడు దాచలేదు. మూడవవాని ప్రవేశమును సమర్థించిన తర్కము ఎచట ఆగవలెనో ఆ ఘట్టము హెచ్చరించుచున్నది.

ఇచట ఒక పూర్వపక్షము. శల్యపర్వమున గదాయుద్ధమునకు ముందు కృష్ణుడు బలవంతునికంటె కృతాభ్యాసుడే అధికుడని చెప్పి, దుర్యోధనుడు 13 సంవత్సరములు భీమునికై లోహపురుషునిపై అభ్యాసము చేసెనని యుధిష్ఠిరుని మందలించినాడు. కావున ఏకాకి విద్యయే ప్రధానము కదా యని శంక. సమాధానమేమనగా, ఆ పోరు ఏకాకిపోరుగా నిర్ణయింపబడినది గాన కృష్ణవచనము అచట యథార్థము. కాని లోహపురుషుడు నియమమును మీఱడు. భీముని దెబ్బను తప్పించుకొనుటకై దుర్యోధనుడు పైకెగిరెను. నాభికి క్రింద కొట్టరాదను నియమము నిలిచియున్నంతకాలము అది గొప్ప కౌశలమే. నియమము తొలగిన క్షణమున ఆ కౌశలమే తొడలను గదకు అప్పగించినది. భీముడు చేసినది ధర్మమా యను చర్చ బలరాముని కోపముతోనే మొదలైనది, నేటికిని ముగియలేదు. శిక్షాదృష్టితో చూచినచో, నియమమును నమ్మి నేర్చిన విద్యకు నియమభంగమున రక్షణ లేదని మాత్రము నిశ్చయము.

అయినచో ఈ రెండు శిక్షలకును సమన్వయము లేదా? కలదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసువాడు పాయెస్, శ్రీకృష్ణదేవరాయల ప్రాతఃకాలవ్యాయామమును వర్ణించినాడు. రాయలు సూర్యోదయమునకు పూర్వమే నువ్వులనూనె త్రాగి, ఒడలికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, ఒక మల్లునితో పెనగి, పిదప అశ్వమునెక్కి మైదానమున పరుగెత్తించెడివాడట. ఈ క్రమమున మల్లవిద్య ఒక సోపానము, అశ్వారోహణము దాని పైది. తరువాత వచ్చిన నూనిజ్, ఉత్సవములలో రాజు ఎదుట పోరుటకు వేయిమంది మల్లులుండిరనియు, వారు చేతులలో మొనలుగల వలయములు పూని కొట్టుకొనెడివారనియు వ్రాసినాడు. మల్లులు ఉత్సవమునకు, సేన యుద్ధమునకు అను విభాగము అచట స్పష్టము. దేహదార్ఢ్యము మాత్రము ఉభయసాధారణము.

ఆధునికసేనలును ఈ మార్గముననే నడచినవి. షాంఘై నగర పోలీసుశాఖలో పనిచేసి జుజుత్సు నేర్చిన ఫెయిర్‌బేర్న్ అను ఆంగ్లేయుడు 1940 నుండి బ్రిటిష్ కమాండోలకు శిక్షణ నిచ్చినాడు. తాను నేర్చిన విద్యనంతయు ఆయన వారికి బోధింపలేదు. కొలది దినములలో అలవడునవి, భయమునందును మఱపునకు రానివి అగు కొన్ని దెబ్బలనే యేఱి చెప్పినాడు. విస్తారము మల్లునకు భూషణము, సంక్షేపము సైనికునకు రక్షణము.

తుపాకుల కాలమున ఈ అంతిమవిద్య యేల యనువారికి 2020 జూన్ 15వ నాటి రాత్రి సమాధానము చెప్పినది. వాస్తవాధీనరేఖకు 2 కిలోమీటర్ల లోపల కాల్పులు జరుపరాదని భారత చైనాల నడుమ 1996లో ఒడంబడిక కుదిరియుండెను. లదాఖ్‌లోని గల్వాన్ లోయలో కాల్పులు లేకయే, కఱ్ఱలతోను రాళ్లతోను ముష్టులతోను ఘర్షణ జరిగినది. 20 మంది భారతసైనికులు అమరులైరి. వారిలో దళనాయకుడు కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు మన సూర్యాపేటవాడు. అగ్నిపురాణము చివర నిలిపిన ఐదవ అంగము మన కాలమున అందఱికంటె ముందు వచ్చి నిలిచినది. అయినను అది నియుద్ధము కాదు, చేతులతో జరిగిన తుములము. చీకటి, చలి, సంఖ్య, ప్రక్కనున్నవానిపై విశ్వాసము అనునవి అచట ప్రధానములు.

కావున నిష్కర్ష యిది. ఒకనితో ఒకడు, సమభూమిపై, నియమములకు లోబడి పోరునపుడు మల్లుడు అధికుడు. పలువురి నడుమ, అలసటలో, నియమము సంశయితమైనచోట సైనికుడు అధికుడు. ఆ ఆధిక్యము అతని బాహువులలో లేదు, అతని వెనుక నిలిచినవారిలో ఉన్నది. సాత్యకి బ్రతికినది 32 కరణముల వలన కాదు, అర్జునుడు చూచుచుండుట వలన. ధనుర్వేదభాగములను బోధించు మన అధ్యాపకులు నియుద్ధప్రకరణమును ఒంటరిగా కాక, అర్థశాస్త్రమునందలి వ్యూహప్రకరణముతో చేర్చి పాఠము చెప్పినచో విద్యార్థులకు ఈ వివేకము సులభముగా కలుగును. ఈ విషయమును విద్వాంసులు ఇంకను విచారింతురు గాక.