టోపీలోని చెమటపట్టీ

మూసీ కృష్ణలో కలియు వాడపల్లిలో నదులు రెండు చేరువనున్నను వేసవియెండ తీవ్రమే. తలగుడ్డయు, కొంగును చెమటను తామే పీల్చుకొనును. టోపీ యట్లు గాదు. నుదుటిని తాకు లోపట్టీ సరియైనది గానిచో చెమట కన్నులలోనికి జారి మండును, చర్మము పొక్కును. తోలుపట్టీ టోపీ యాకృతిని నిలుపును గాని, దినదినము ఉతుకుటకు వీలుపడదు. పాలియెస్టరు త్వరగా ఆరును. కాని నూఱుపాళ్ల నూలు గాలినుండి సుమారు 8 పాళ్ల తేమను గ్రహింపగా, అది యరపాలైనను గ్రహింపదు. కావున నూలుబట్టయే మేలు.

క్రొత్తబట్టలో గంజి యుండును. అది చెమటను చక్కగా పీల్చదు. పలుమారులుతికిన తెల్లని పాతచీర ముక్కను మడతలుపెట్టి, ఊడదీయుటకు వీలుగా పెద్దకుట్లు వేయుడు. అట్టి పట్టీలు రెండుండవలెను: ఒకటి యారుచుండ వేఱొకటి వాడవచ్చును. ఎండలో పనిచేయువారి కన్నులకు మన పాతచీరయే కాపు.