గిటారుపై ఎడమచేయి: స్వరము శుభ్రముగా పలుకు విధము



గిటారు మన పూర్వులెరిగిన వాద్యము కాదు. అయినను అది నేడు పట్టణములను దాటి పల్లెలకును వచ్చినది. మన పావగడ తాలూకా పిల్లలలోను దానిని నేర్వగోరువారు లేకపోలేదు. ఇంటివారిని బతిమాలి వాద్యమును కొనిపించుకొని, మూడు నాలుగు వారములు శ్రద్ధగా సాధన చేసి, తుదకు దానిని అటకపై చేర్చు పిల్లలు పెక్కుమంది యుందురు. కారణమడిగినచో, “వ్రేళ్ళు మండుచున్నవి. ఎంత గట్టిగా నొక్కినను స్వరము శుభ్రముగా రాదు” అందురు. ఇంటివారును, “వీని చేతిలో సంగీతము లేదు” అని తీర్మానింతురు. ఈ తీర్మానము తొందరపాటుతో కూడినది. లోపము చాలవరకు చేతి బలములో లేదు. వ్రేలినుంచు చోటులో నున్నది. చోటు సవరించినచో బలము తగ్గించినను స్వరము పలుకును. ఈ విషయమును క్రమముగా వివరింపదలచితిమి.

ముందుగా మాటలు

గిటారు పాఠములు నేడు ఎక్కువగా ఆంగ్లమున లభించుచున్నవి. మాట తెలియక విషయము తెలియదనుకొను పిల్లలు కలరు. కాని వీణను ఎరిగినవారికి ఈ మాటలు క్రొత్తవి కావు. దండిపై అడ్డముగా నుండు లోహపు కడ్డీ మెట్టు. దండి చివర తంత్రులు ఆనియుండునది మేరువు. తంత్రులను బిగించునవి బిరడలు. కన్నడమున తంత్రిని తంతి యందురు, మెట్టును మెట్టిలు అందురు. ఇంటిలో ఒక భాషను, వీధిలో మరొక భాషను పలుకు మన పిల్లలకు ఇందులో కష్టమేమి?

గిటారునకు ఆరు తంత్రులు. అన్నిటికంటె సన్ననిది మొదటిది, లావుపాటిది ఆరవది. పెక్కు స్వరములను ఒక్కసారిగా పలికించుటను కార్డు అందురు. ఇది ఉత్తరములు వ్రాయు కార్డు కాదు. షడ్జమము, అంతర గాంధారము, పంచమము కలసి మ్రోగినచో అది మేజరు కార్డు. మన సంగీతమున స్వరములు ఒకదాని వెంట ఒకటి నడచును; కార్డులో అవి ఒక్క అడుగున నిలుచును. తెలుగు చదువరులకు దీనిని సంయుక్తాక్షరముతో పోల్చి చెప్పవచ్చును. ఒత్తు చెదరినచో అక్షరమంతయు చెడినట్లు, ఒక్క తంత్రి గరగరలాడినచో కార్డంతయు చెడును.

మెట్టు చేయు పని

తంత్రి పొడవు తగ్గినకొలది స్వరము హెచ్చును. మేరువు నుండి గుర్రము వరకు 65 సెంటీమీటర్ల తంత్రి గల గిటారున 12వ మెట్టు సరిగా సగమున నుండును. అచ్చట నొక్కినచో ఆ తంత్రి స్వరమే పై స్థాయిలో పలుకును. మొదటి మెట్టు మేరువునకు సుమారు 36.5 మిల్లీమీటర్ల దూరమున నుండును. పైకి పోయినకొలది మెట్ల నడిమి ఎడము తగ్గుచుండును. మెట్లను ఎచ్చట నిలుపవలెనను విచారము మన దేశమున చాల ప్రాచీనమైనది. విజయనగరమున రామరాయల ఆదరణమున రామామాత్యుడు 1550లో రచించిన ‘స్వరమేళకళానిధి’లో వీణ మెట్ల స్థానములు చర్చింపబడినవి.

ఇచ్చట ఒక మాటను మనసున నాటుకొనవలెను. తంత్రి పొడవును నిర్ణయించునది వ్రేలు కాదు, మెట్టు. వ్రేలు చేయవలసిన పని తంత్రిని మెట్టుపై కదలకుండ ఆనించుట మాత్రమే. బావి గట్టుపై వ్రేలాడు తాడును గట్టునకు చేరువగా పట్టినచో ఊరక నిలుచును. దూరముగా పట్టినచో ఎంత బిగించినను అల్లలాడును. తంత్రియు నట్టిదే. రెండు మెట్ల నడుమ నొక్కినవానికి ఎక్కువ బలము కావలెను. మెట్టునకు ఆనుకొని, మేరువు వైపున నొక్కినవానికి స్వల్ప బలము చాలును. అయితే వ్రేలు మెట్టుపైకి ఎక్కరాదు. ఎక్కినచో కండ తంత్రికి తగిలి నాదము మూగపోవును.

దీనిని ప్రయోగముతో తెలిసికొనవచ్చును. మూడవ తంత్రిపై రెండవ మెట్టునకు వెనుక వ్రేలిని ఊరక ఆనించి కుడిచేతితో మీటుడు. టక్కుమను శబ్దము మాత్రమే వచ్చును. మీటుచునే వ్రేలి ఒత్తిడిని కొంచెము కొంచెముగా పెంచుడు. మొదట గరగర, పిదప స్వచ్ఛమైన స్వరము వినవచ్చును. స్వరము తేటపడిన ఆ క్షణమున ఆగుడు. కావలసిన బలము అంతియే. అంతకు మించినది వృథా. ఇప్పుడు వ్రేలిని మెట్టు నుండి ఒక సెంటీమీటరు వెనుకకు జరిపి, ఇదే ప్రయోగమును మరల చేయుడు. భేదము మీ వ్రేలికే తెలియును.

మూడు దోషములు, మూడు కారణములు

తెలుగు ఉపాధ్యాయులమైన మేము పిల్లల వ్రాతను దిద్దునపుడు పుట యంతయు తప్పని కొట్టివేయము. కన్నడ తలకట్టు ఏ అక్షరముపై పడినదో ఆ అక్షరము క్రిందనే గీత గీయుదుము. కార్డును దిద్దుటయు నిట్లే. అన్ని తంత్రులను ఒక్కసారిగా మీటి “బాగుగా లేదు” అనుటవలన ఫలము లేదు. కార్డును పట్టి, ఒక్కొక్క తంత్రిని వేరుగా మీటి వినవలెను. దోషము మూడు విధములుగా నుండును.

మొదటిది గరగర. తంత్రి మెట్టుపై గట్టిగా ఆనకపోవుట దీనికి కారణము. బలము పెంచుటకు ముందు వ్రేలిని మెట్టు దగ్గరకు జరుపవలెను.

రెండవది మూగతనము. సాధారణముగా ఇది ఆ తంత్రిని నొక్కు వ్రేలి తప్పు కాదు. ప్రక్క తంత్రి వ్రేలు వాలి దీనిని తాకుటచే కలుగును. వ్రేలి చివరి కణుపు లోపలికి కూలిపోకుండ, వ్రేళ్ళను విల్లువలె వంచి, కొనలతో నొక్కవలెను. ఎడమచేతి గోళ్ళు పెరిగియున్నచో వ్రేలికొన నిలువుగా నిలువజాలదు. కనుక గోళ్ళు కత్తిరించుకొనుట మొదటి సాధన.

మూడవది అపస్వరము. తంత్రి మ్రోగును గాని శ్రుతి తప్పును. బిరడలు సరిగా నుండియు ఇట్లయినచో, అతిగా నొక్కుటయో, తంత్రిని ప్రక్కకు లాగుటయో కారణమని గ్రహింపవలెను. వీణపై తంత్రిని ప్రక్కకు లాగుటయే గమకమునకు ప్రాణము. ఆంధ్ర వైణికులు ఈమని శంకరశాస్త్రి (1922–1987), ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936–1996), మైసూరు వైణికులు వీణ శేషణ్ణ (1852–1926), దొరస్వామి అయ్యంగారు (1920–1997) ఆ విద్యలో ప్రసిద్ధులు. ఉత్తర పినాకిని ఒడ్డున, రెండు రాష్ట్రముల సరిహద్దున నున్న మనకు ఇరు వారసత్వములును సొంతములే. కాని కార్డులో స్వరములన్నియు ఒకేసారి నిలువవలెను. ఒకటి తనంతట తాను పైకి జరిగినచో మిగిలిన వానితో పొత్తు చెడును. వీణపై గుణమైనది ఇచ్చట దోషమగుచున్నది.

ఈ మూడు గాక వాద్యదోషమును కలదు. తంత్రులు దండికి చాల ఎత్తుగా నున్నను, తుప్పు పట్టినను ఎంతటివానికిని కష్టమే. పిల్లవానిని నిందించుటకు ముందు ఆ వాద్యమును తెలిసినవారికి చూపవలెను. మొదట నేర్చువారికి నైలాను తంత్రుల గిటారు వ్రేళ్ళకు మెత్తగా నుండును. అయితే నైలానుకై చేసిన గిటారునకు ఉక్కు తంత్రులు బిగింపరాదు. ఆ బిగువునకు వాద్యము చెడును.

బొటనవ్రేలు, మణికట్టు

బొటనవ్రేలు దండి వెనుక, నడిమివ్రేలికి ఇంచుమించు ఎదురుగా, సడలికతో నుండవలెను. దానితో పట్టకారువలె బిగించుటచేతనే చేయి త్వరగా అలయును. కార్డును పట్టి, బొటనవ్రేలిని ఒక్క క్షణము పైకెత్తి మీటి చూడుడు. కుడి ముంజేయి వాద్యమును ఒడిలో నిలుపుచుండగా, ఎడమచేతి బరువుచేతనే స్వరములు కొంతవరకు పలుకును. అప్పుడు బిగింపు ఎంత అనవసరమో తెలియును. మణికట్టును తీవ్రముగా వంచరాదు. మోచేయి దేహమునకు అతుకుకొనక, స్వేచ్ఛగా వ్రేలాడవలెను.

అభ్యాసక్రమము

మొదట ఈ మైనరు అను కార్డును పట్టుడు. ఐదవ తంత్రిపై రెండవ మెట్టున నడిమివ్రేలు, నాలుగవ తంత్రిపై రెండవ మెట్టున ఉంగరపువ్రేలు. తక్కిన నాలుగు తంత్రులు నొక్కకయే మ్రోగును. ఇది శుభ్రపడిన పిదప సి మేజరు: ఐదవ తంత్రిపై మూడవ మెట్టున ఉంగరపువ్రేలు, నాలుగవ తంత్రిపై రెండవ మెట్టున నడిమివ్రేలు, రెండవ తంత్రిపై మొదటి మెట్టున చూపుడువ్రేలు. ఆరవ తంత్రిని మీటరాదు. ఐదవ తంత్రి నుండి మొదటి తంత్రి వరకు వరుసగా మీటినచో స, గ, ప, స, గ అని వినబడవలెను. మూడవ తంత్రి మూగపోయినచో నడిమివ్రేలు వాలినది. మొదటి తంత్రి మూగపోయినచో చూపుడువ్రేలు వాలినది. చెవి చెప్పిన చోటనే చేతిని దిద్దుడు.

పిదప సి మేజరు నుండి ఏ మైనరునకు మారుట నేర్వవలెను. చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఉన్నచోటనే యుండును. ఉంగరపువ్రేలు మాత్రము మూడవ తంత్రిపై రెండవ మెట్టునకు వచ్చును. కదలనవసరము లేని వ్రేలిని కదల్పకుండుటయే త్వరగా మారుటలోని రహస్యము. తొలుత తాళమును మిక్కిలి విలంబముగా నుంచి, పది మార్లు శుభ్రముగా వచ్చిన తరువాతనే వేగము పెంచవలెను. వేగముతో తప్పులు చేయువాడు తప్పులనే అభ్యసించుచున్నాడు.

పిల్లలు అధైర్యపడునది ఎఫ్ మేజరు వద్ద. చూపుడువ్రేలితో ఆరు తంత్రులను అడ్డముగా మొదటి మెట్టున నొక్కవలెనని చెప్పగనే చేయి వణకును. కాని నిదానముగా చూడుడు. ఐదవ, నాలుగవ, మూడవ తంత్రులను వేరు వ్రేళ్ళు నొక్కుచునే యున్నవి. చూపుడువ్రేలు నిజముగా పలికింపవలసినవి ఆరవది, రెండవది, మొదటిది, మూడే! వ్రేలిని కొంచెము బొటనవ్రేలి వైపు అంచుపైకి దొర్లించి, కండగల భాగమునకు బదులు ఎముక గట్టిదనమును ఉపయోగింపవలెను. కణుపు ముడుతలో తంత్రి పడకుండ వ్రేలిని పైకి గాని క్రిందికి గాని జరుపవలెను. మొదటి మెట్టు మేరువు ప్రక్కన నుండుటచే అచ్చట తంత్రి బిగువు హెచ్చుగా తోచును. కావున ఈ పట్టును ముందు ఐదవ మెట్టున అభ్యసించి, దినమునకొక మెట్టు చొప్పున క్రిందికి దిగుట మేలు.

చేయి చిన్నదైననేమి?

“మా వ్రేళ్ళు పొట్టివి” అను పిల్లలకు రెండు ఉదాహరణములు చెప్పుదుము. జాంగో రైన్‌హార్ట్ (1910–1953) అను ప్రసిద్ధ గిటారు వాదకుడు 1928లో తన బండిలో జరిగిన అగ్నిప్రమాదమున గాయపడెను. అతని ఎడమచేతి ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు సరిగా పనిచేయకపోయెను. అతడు మిగిలిన రెండు వ్రేళ్ళతోనే ముఖ్యముగా స్వరములు వాయించుచు, గాయపడిన వ్రేళ్ళను కార్డులకు చేతనైనంత వాడుకొని, ఐరోపాలో మహా వాదకుడనిపించుకొనెను.

మన తెలుగునాట పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ బాల్యముననే మాండలిను చేపట్టెను. అదియు మెట్లుగల పాశ్చాత్య వాద్యమే. జంట తంత్రులకు బదులు ఐదు ఒంటి తంత్రులు గల విద్యున్మాండలినుపై, ఇరుకు మెట్ల నడుమ, కర్ణాటక సంగీత గమకములను పలికించి లోకప్రసిద్ధుడయ్యెను. 2014లో ఆయన పరమపదించెను. ఇట్టివారి ప్రతిభ అందరికి రాదు; కాని చేతి పరిమాణమే విద్యను నిర్ణయింపదని వీరి జీవితములు చాటుచున్నవి.

తల్లిదండ్రులకు ఒక మాట

వ్రేలికొనలు మొదటి వారములలో మండుట సహజము. దినమునకు రెండు మార్లు పది నిమిషముల చొప్పున సాధన చేసినచో చర్మము క్రమముగా గట్టిపడును. ఒకేసారి గంటసేపు నొక్కి పొక్కులు తెచ్చుకొనరాదు. కాని మణికట్టున నొప్పి, వ్రేళ్ళ తిమ్మిరి కలిగినచో అది సాధన కాదు, హాని. వెంటనే ఆపి విశ్రాంతి నీయవలెను. తగ్గనిచో వైద్యునికి చూపవలెను. “ఓర్చుకొని వాయించు” అని బలవంతపెట్టుట తగదు.

పిల్లవాని వాద్యము బాగుగా పలుకలేదని తోచినపుడు, “నీకు రాదు” అనక, “ఏ తంత్రి పలుకలేదు?” అని అడుగుడు. ఈ ప్రశ్నకు సంగీతజ్ఞానము అక్కరలేదు. వినిపించుకొను ఓపిక చాలును. మొదటి మాట విన్న పిల్లవాడు వాద్యమును అటకపై పెట్టును. రెండవ మాట విన్నవాడు వ్రేలిని మెట్టు దగ్గరకు జరుపుకొనును.