క్రిస్మస్ తాతకు తోడుగా ఓ అదృశ్య లోకం

డిసెంబరు నెల వచ్చిందంటే చర్చిలలో, పాఠశాలల్లో, దుకాణాల ముంగిట ఎర్రకోటు, తెల్లగడ్డంతో క్రిస్మస్ తాత ప్రత్యక్షమవుతాడు. పిల్లలకు మిఠాయిలు పంచి, నాలుగడుగులు నృత్యం చేసి సెలవు తీసుకుంటాడు. ఆయన ఎవరు, ఒక్క రాత్రిలో లోకమంతా ఎలా తిరుగుతాడు, తలుపు ఉండగా పొగగొట్టంలోంచే ఎందుకు దిగుతాడు అని పిల్లలు నిలదీస్తే పెద్దలు నీళ్లు నమలక తప్పదు. ఈ ప్రశ్నలన్నింటికీ ఒక అమెరికా రచయిత 1902లోనే నవల రూపంలో జవాబు చెప్పారు. ఆయనే ఎల్.ఫ్రాంక్ బామ్. 1900లో 'ది వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్' ద్వారా ప్రఖ్యాతి పొందిన బామ్, రెండేళ్ల తరువాత 'ది లైఫ్ అండ్ అడ్వెంచర్స్ ఆఫ్ శాంటాక్లాజ్'ను వెలువరించారు. దీనికి మేరీ కౌల్స్ క్లార్క్ బొమ్మలు గీశారు.

క్రిస్మస్ తాత మూలపురుషుడిగా సాధారణంగా చెప్పేది నాలుగో శతాబ్దానికి చెందిన సెయింట్ నికొలస్‌ను. నేటి టర్కీలోని మైరా పట్టణానికి ఆయన బిషప్. ఎల్ఫ్‌లనే చిట్టి అదృశ్యజీవులు ఈ కథలోకి చేరింది చాలా ఆలస్యంగా. 1823లో అమెరికాలోని ట్రాయ్ నగర పత్రికలో అచ్చయిన ఒక గేయం శాంటానే ఎల్ఫ్‌గా వర్ణించింది. ఆయన బొమ్మల కర్మాగారంలో పనివారిగా ఎల్ఫ్‌లు కనిపించడం 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో మొదలైంది. బామ్ మాత్రం ఈ రెండు దారులనూ విడిచిపెట్టారు. ఆయన నవలలో బిషప్ లేడు, చర్చి ప్రస్తావన లేదు. ఎల్ఫ్‌ల స్థానంలో వేరే అమర్త్యజాతులున్నాయి. పూలమొక్కలను సాకేవారు రిల్‌లు, జంతువులను కాచేవారు నూక్‌లు, వృక్షాలకు వనకన్యలు, శిలలకు గ్నోమ్‌లు, మనుషులకు ఫెయిరీలు రక్షకులు. యక్షులు, కిన్నెరలు, వనదేవతల కథలు వింటూ పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు.

నియమం తప్పిన వనకన్య

బర్జీ అనే మహారణ్యం అంచున ఎవరో వదిలివెళ్లిన పసికందు వనాధిపతి ఆక్ కంటపడతాడు. మనుషుల వ్యవహారాల్లో అమర్త్యులు జోక్యం చేసుకోరాదన్నది అక్కడి కట్టుబాటు. ఆక్ ఆ శిశువును షీగ్రా అనే ఆడసింహానికి అప్పగించి, పాలిచ్చి కాపాడమని ఆదేశిస్తాడు. ఈ సంగతి విన్న నెసిల్ అనే వనకన్య ఊరుకోలేక, సింహం వద్ద నుంచి బిడ్డను తెచ్చేసుకుంటుంది. తల్లినవుతానని పట్టుబడుతుంది. ఆక్ కాదనలేకపోతాడు. ఆ బిడ్డే క్లాజ్. అడవి భాషలో ఆ మాటకు చిన్నవాడు అని అర్థమట.

యువకుడైన క్లాజ్‌ను ఆక్ లోకసంచారానికి తీసుకువెళతాడు. మానవుల కష్టాలను, పిల్లల దైన్యాన్ని కళ్లారా చూసిన క్లాజ్ అడవిలోని సుఖజీవనం వదిలి, హోహహో అనే నవ్వుల లోయలో ఇల్లు కట్టుకుంటాడు. చలికాలంలో పొద్దుపోక, తన పెంపుడు పిల్లి బ్లింకీని చూస్తూ ఒక కట్టెను పిల్లిగా చెక్కుతాడు. మంచులో చిక్కుకున్న వీకమ్ అనే బాలుడికి దాన్ని ఇవ్వగా, ప్రపంచంలో తొలి ఆటబొమ్మ అదే అయిందని బామ్ అంటారు.

సంపన్నుల బిడ్డ బెస్సీ బొమ్మ కోసం వచ్చే ఘట్టం నవలకు ఆయువుపట్టు. పేదపిల్లలకు వేరే సంతోషం లేదు కనుక తన బొమ్మలు వారికే చెందాలన్నది క్లాజ్ అభిప్రాయం. మరి ధనికురాలిగా పుట్టడం ఈ పిల్ల చేసిన తప్పా? ఈ సందేహం క్లాజ్‌ను కలవరపెడుతుంది. చివరకు పిల్లల్లో తరతమ భేదం పాటించరాదని నిశ్చయించుకుంటాడు.

ఒక్క రాత్రే ఎందుకు?

మిగిలిన ఆచారాలకు బామ్ చెప్పే కారణాలు చమత్కారంగా ఉంటాయి. తలుపులు మూసి ఉండటంతో క్లాజ్ పొగగొట్టం దారి పట్టాడు. ఒక ఇంట్లో ఆరేసిన మేజోళ్లు కనిపిస్తే తొందరలో వాటిలోనే బొమ్మలు కూరాడు. గుడారాల్లో ఉండేవారికి మేజోళ్లు లేవు కనుక పక్కనున్న చెట్ల కొమ్మలకు వేలాడదీశాడు. జారుడుబండి లాగే జింకలు తొలిసారి సూర్యోదయానికి నిమిషం ఆలస్యంగా తిరిగిరావడంతో వాటి కాపరులైన నూక్‌లు ఆగ్రహించి, ఏడాదికి ఒక్క రాత్రికే అనుమతిచ్చారు. కావాలనే పదిరోజుల్లో రానున్న క్రిస్మస్ ముందు రాత్రిని ఎంపిక చేశారు. అంతలో బొమ్మలు తయారుకావని వారి ఎత్తు. అయితే ఆగ్వాలనే దుష్టజీవులు అంతకుముందు దొంగిలించిన బొమ్మలను మిత్రులు తిరిగి తెచ్చి ఇవ్వడంతో ఆ ఎత్తు పారలేదు. ఆగ్వాలతో అమర్త్యుల యుద్ధం కూడా నవలలో ఉంది కానీ, ఈ జింకల పేచీ ముందు అది తేలిపోతుంది.

ఇన్ని చేసినా క్లాజ్ మనిషే. వృద్ధుడై మంచం పడతాడు. మరణం గుమ్మం దాకా వస్తుంది. అమరత్వం ప్రసాదించే వస్త్రం సృష్టిలో ఒక్కటే ఉంది. యుగాలు గడిచినా అది ఎవరికీ దక్కలేదు. దాన్ని ఒక మానవుడికి ఇచ్చేస్తే ఇక మరొకరికి లేదు. ఆక్ సకల అమర్త్యజాతుల రాజులను సమావేశపరుస్తాడు. తన కోసం ఆ వస్త్రాన్ని కోరుకోని వారు ఆ సభలో ఉన్నారా అనిపిస్తుంది. అయినా నిర్ణయం ఏకగ్రీవమవుతుంది. నిద్రిస్తున్న వృద్ధుడిపై వస్త్రాన్ని కప్పుతారు.

ఈ పాత్రపై మమకారంతో బామ్ 1904లో 'ఎ కిడ్నాప్డ్ శాంటాక్లాజ్' అనే కథ రాశారు. 1909 నాటి 'ది రోడ్ టు ఓజ్'లో శాంటాను రిల్‌లు, నూక్‌లతో సహా అతిథిగా రప్పించారు. 1985లో అమెరికాలో ఈ నవల బొమ్మలతో తీసిన టీవీ చిత్రంగా వచ్చింది. బామ్ 1919లో మరణించగా, నవలకు కాపీహక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆంగ్ల మూలం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా లభిస్తోంది.