ముందు పిల్లాడు, తరవాతే విచారణ
బైక్ పందెంలో బిడ్డ గాయపడినప్పుడు ఇంట్లోవాళ్లు నమ్మే అపోహలు, తెలుసుకోవాల్సిన వాస్తవాలు

రాజీవ్ రహదారి మీద, బొగ్గు లారీల కోసం వేసిన వెడల్పాటి రోడ్ల మీద సాయంత్రమయ్యేసరికి కుర్రాళ్ల బండ్ల చప్పుడు పెరుగుతుంది. రామగిరి మండలం సెంటినరీ కాలనీ నుంచి గోదావరిఖని దాకా వయసొచ్చిన కొడుకున్న ప్రతి ఇంటికీ ఆ చప్పుడు తెలుసు. ఏదో ఒక రోజు షిఫ్టు దిగి ఇంటికొచ్చిన తండ్రికి ఫోన్ వస్తుంది: "మీవాడు బండి మీదికెల్లి పడ్డడు." ఆ మాటతో మొదలయ్యే రోజులకు ఏ తల్లీ తండ్రీ సిద్ధపడి ఉండరు. చుట్టాలు, ఇరుగుపొరుగు తలా ఒకటి చెబుతారు. ఆ మాటల్లో కొన్ని అప్పటికప్పుడు ప్రాణం మీదికి తెస్తాయి. కొన్ని పిల్లాడు బతికి బయటపడ్డాక కూడా ఇంటిని నెలల తరబడి కుంగదీస్తాయి.

బొగ్గు బావుల్లో పనిచేసే కుటుంబాలకు ఒక వరస బాగా తెలుసు. పైకప్పు కూలితే ముందు మనిషిని బయటికి తెస్తారు. చికిత్స చేయిస్తారు. ఆ తరవాతే విచారణ, అదీ మళ్లీ అలాంటిది జరగకుండా చూడటానికి. రోడ్డు మీద బిడ్డ పడినప్పుడు చాలా ఇళ్లలో ఈ వరస తారుమారవుతోంది. నింద ముందొస్తోంది, చికిత్స వెనకబడుతోంది.

అపోహ 1: "పందేలకు పోయే పోరగాళ్లు వేరే ఉంటరు. మావాడు అసోంటోడు కాదు."

వాస్తవం: 2011 సెప్టెంబరు 11న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ చిన్న కొడుకు అయాజుద్దీన్ నడుపుతున్న సూపర్ బైక్ అదుపు తప్పింది. అతనికప్పుడు 19 ఏళ్లు. వెంట ఉన్న పదహారేళ్ల బంధువు చనిపోయాడు. అయాజుద్దీన్ ఐదు రోజులు ఆసుపత్రిలో పోరాడి 16న కన్నుమూశాడు. ద్విచక్ర వాహనాలకు అనుమతి లేని రోడ్డది. పేరు, డబ్బు, పెద్దాసుపత్రి వైద్యం అన్నీ అందుబాటులో ఉన్న కుటుంబానికే ఆ కడుపుకోత తప్పలేదు.

మన దగ్గర పందెమంటే ముందుగా ప్రకటించి పెట్టేది కాదు. పక్క బండివాడు ఎక్సలేటర్ రేపితే చాలు, నెమ్మదస్తుడైన పిల్లాడు కూడా పందేనికి దిగిపోతాడు. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగు రెట్లవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో గీరుకుపోయే మోకాలు, 80లో ముక్కలవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 70 శాతానికి పైగా మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ లెక్క.

అపోహ 2: "అంబులెన్స్ కోసం ఆగొద్దు. ఆటోలో ఏసుకొని ఉరకాలె. ముందుగాల నీళ్లు తాగించాలె."

వాస్తవం: మెడ, వెన్ను దెబ్బతిన్న పిల్లాణ్ని చంకలు పట్టి లేపి, మడిచి ఆటోలో కూర్చోబెడితే, అప్పటిదాకా బాగున్న వెన్నుపాము అక్కడే దెబ్బతినొచ్చు. 108కు ఫోన్ చేయాలి. మంటలో, బండ్లు దూసుకొచ్చే దారిలో ఉంటే తప్ప కదపకూడదు. తప్పనిసరైతే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా నలుగురు కలిసి ఎత్తాలి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ అలాగే ఉంచాలి. ఊపిరి ఆడకపోతే ఒకరు మెడను కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు నెమ్మదిగా తీయాలి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. పసుపు, కాఫీపొడి అద్దకూడదు. స్పృహ సరిగా లేనివాడికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి వచ్చినా అవి ప్రమాదమే.

అపోహ 3: "పోలీసు కేసు కాందే దవాఖానల ముట్టుకోరు. తీసుకపోయినోడు సాక్ష్యమని తిరగాలె."

వాస్తవం: ముందు చికిత్స, తరవాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఇదే నియమం. గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ 2019లో చేరింది. మీ బిడ్డను ఆసుపత్రికి చేర్చిన అపరిచితుడు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు.

ఖర్చు దగ్గర కూడా ముందే చేతులెత్తేయకండి. రోడ్డు ప్రమాద బాధితులకు 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. సింగరేణి ఉద్యోగుల పిల్లలైతే గోదావరిఖనిలోని కంపెనీ ఏరియా ఆసుపత్రి ఉండనే ఉంది. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఈ మూడింటి గురించీ అడగండి.

అపోహ 4: "నెత్తురు రాలే, లేచి నడిసిండు. ఏం గాలే."

వాస్తవం: తలకు దెబ్బ తగిలినప్పుడు అన్నిటికన్నా మోసం చేసే మాట ఇదే. పుర్రె లోపల చిన్న రక్తనాళం తెగితే పిల్లాడు కాసేపు మామూలుగా మాట్లాడతాడు, టీ తాగుతాడు. రక్తం గూడుకట్టి మెదడును నొక్కాక, గంటల తరవాత ఒక్కసారిగా పడిపోతాడు. దెబ్బ తగిలాక కనీసం ఒక రోజంతా పక్కన మనిషి ఉండాలి. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

• మళ్లీ మళ్లీ వాంతులు
• తగ్గకుండా పెరిగే తలనొప్పి
• లేపినా లేవనంత మత్తు
• రెండు కనుపాపలు ఒకే తీరున లేకపోవడం
• ముక్కు నుంచి, చెవుల నుంచి రక్తం లేదా నీరు కారడం
• మాట తడబడటం, కాలో చేయో పట్టు తప్పడం, ఫిట్స్

ఇంట్లో తిడతారని భయపడి దెబ్బ సంగతి దాచిపెట్టే పిల్లలున్నారు. "ఏం జరిగినా ముందు నాకు చెప్పు, తిట్ల సంగతి తరవాత" అనే భరోసా వాళ్లకు ప్రమాదం జరగకముందే అందాలి.

అపోహ 5: "బొక్క ఇరిగితే నాటు కట్టే నయం."

వాస్తవం: విరిగిన చోటును చూడకుండా బిగించి కట్టిన కట్టు రక్తప్రసారాన్ని ఆపేయగలదు. వేళ్లు తిమ్మిరెక్కి, చల్లబడి, నల్లబడితే చివరికి ఆ భాగాన్నే తీసేయాల్సి రావచ్చు. పదహారు, పదిహేడేళ్ల లోపు పిల్లలకు ఇంకో చిక్కుంది. ఎముకల చివర్లలో ఎదుగుదల పొర ఇంకా పనిచేస్తూ ఉంటుంది. అది దెబ్బతిన్న సంగతి తెలియక వదిలేస్తే ఆ కాలో చేయో పొట్టిగా, వంకరగా పెరుగుతుంది. ఎక్స్‌రే తీయకుండా ఏ కట్టూ కట్టించకండి.

అపోహ 6: "డిశ్చార్జి అయిండు, ఇగ మంచిగైనట్టే. ఇప్పుడు ఒర్రుతుండంటే అది పొగరు."

వాస్తవం: అసలు ప్రయాణం ఆసుపత్రి గేటు దాటాకే మొదలవుతుంది. 2021 సెప్టెంబరు 10 రాత్రి హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ స్పోర్ట్స్ బైక్ ఇసుక మీద జారింది. ఆయన నెలకు పైగా ఆసుపత్రిలో ఉన్నారు. ప్రమాదం తరవాత నటించిన 'విరూపాక్ష' విడుదలయ్యేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది. ఆ మధ్యకాలంలో మాట సరిగా రాక ఇబ్బంది పడ్డానని, హెల్మెట్ వల్లే బతికానని ఆయనే పలు సభల్లో చెప్పారు. అన్ని వసతులున్న మనిషికే అంత కాలం పట్టింది.

మెదడు ముందుభాగం కోపాన్ని, తొందరపాటును అదుపులో పెడుతుంది. ఆ భాగం దెబ్బతిన్న పిల్లాడు చిన్నమాటకే అరుస్తాడు, అన్నం కంచం నెట్టేస్తాడు. తల గాయంతో నిన్న చెప్పింది మరిచిపోతాడు, వెలుతురునీ చప్పుడునీ భరించలేడు. రాత్రుళ్లు ఆ ప్రమాదమే కలలోకొచ్చి ఉలిక్కిపడి లేస్తాడు. ఇది పొగరు కాదు, గాయం బయటికి కనిపిస్తున్న తీరు. డాక్టరుకు ఈ సంగతులన్నీ చెప్పాలి. ఇంట్లో పనులకు ఒక వేళ పెట్టాలి. ఒకసారికి ఒక్క మాటే చెప్పాలి. ఫోన్ తగ్గించి నిద్ర పెంచాలి. కాలేజీకి మొదట ఒక్కపూటే పంపాలి. ఫిజియోథెరపీని నొప్పి తగ్గిందని మధ్యలో మానేయకూడదు, ఎందుకంటే కీలు బిగుసుకుపోయాక వంచడం మళ్లీ ఆపరేషన్ దాకా పోతుంది. తల గాయం పూర్తిగా మానకముందే ఇంకో దెబ్బ తగిలితే అది మొదటిదానికన్నా ప్రమాదకరం. డాక్టరు సరేననే దాకా బండీ వద్దు, ఆటలూ వద్దు.

అపోహ 7: "బండి కొనిచ్చిన తండ్రిదే తప్పు. గారాబం చేసిన తల్లిదే తప్పు."

వాస్తవం: ఐసీయూ బయట ఇది ఎవరో ఒకరి నోట రాకుండా ఉండదు. ఎవరూ అనకపోయినా ఆ తల్లీ తండ్రీ లోపల అనుకుంటూనే ఉంటారు. "ఆ రోజు తాళం ఇయ్యకపోతే అయిపోవు" అన్న ఒక్క ఆలోచన నెలల తరబడి నిద్ర పోనివ్వదు. ఫోన్ మోగితే గుండె దడదడలాడటం, ఆ రోడ్డు మీదుగా పోలేకపోవడం, ఊరికే కోపం రావడం, ఇవి పిల్లాడికే కాదు, కన్నవాళ్లకూ వచ్చే ప్రమాదపు దెబ్బలే. భార్యాభర్తలు ఒకరినొకరు దెప్పుకుంటుంటే మంచంలో ఉన్న పిల్లాడు ఆ గొడవకూ తానే కారణమని కుమిలిపోతాడు. ఇంట్లో రెండో బిడ్డను ఎవరూ పట్టించుకోరు.

బాధ్యత మాత్రం నిజమే, దాన్ని దాటేయకూడదు. 18 నిండనివాడు గేరు బండి నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ పరిహారం కట్టి, ఆ డబ్బును యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. బాధ్యత రేపు ఏం మార్చుకోవాలో చెబుతుంది. నింద నిన్నటి దగ్గరే కట్టిపడేస్తుంది. మనసు తట్టుకోలేనప్పుడు ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు తమ కోసం చేసినా అందులో చిన్నతనం ఏమీ లేదు.

అపోహ 8: "కాలు పోయింది, ఇగ వాని బతుకు అయిపోయింది."

వాస్తవం: బ్రిటన్‌కు చెందిన బిల్లీ మోంగర్ 2017 ఏప్రిల్‌లో ఫార్ములా 4 పందెంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. అప్పటికతనికి 17 ఏళ్లు. ఏడాది తిరక్కముందే తనకు తగ్గట్టు మార్చిన కారులో మళ్లీ ట్రాక్ ఎక్కాడు. మీ బిడ్డా అలాగే కావాలని ఎవరూ కోరరు. కోలుకోవడం ఒక్కొక్కరికి ఒక్కో తీరు, కొందరికి పూర్తిగా కాకపోవచ్చు కూడా. కానీ దారులున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే ఉన్నత చదువులో, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. అందుకు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు కావాలి. జాలి మాటలు పిల్లాడి ముందు వద్దు. "ఇవాళ ఎన్ని అడుగులేశావు?" అని అడగడం చాలు.

అపోహ 9: "బండి అమ్మేస్తే పీడ పోతది."

వాస్తవం: బండి పోయినా స్నేహితుడి బండి ఉంటుంది. విచారణకు సమయం ఇప్పుడొచ్చింది, పిల్లాడు కుదుటపడ్డాక. ఆ రోజు ఎవరు పిలిచారు, ఎందుకు కాదనలేకపోయాడు, హెల్మెట్ ఎక్కడుంది, క్లిప్పు పెట్టుకున్నాడా? శిక్ష కోసం కాకుండా తెలుసుకోవడం కోసం అడిగితే పిల్లలు చెబుతారు. క్లిప్పు పెట్టుకున్న మంచి హెల్మెట్ తల గాయాల ముప్పును దాదాపు 69 శాతం, మరణం ముప్పును 42 శాతం తగ్గిస్తుందని అంతర్జాతీయ అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో తేలింది.

నిజంగానే రేసింగ్ మీద ప్రాణం పెట్టుకున్న పిల్లాడైతే దానికి చెన్నై, కోయంబత్తూరు దగ్గర ట్రాకులున్నాయి, శిక్షకులున్నారు, పక్కనే డాక్టరూ అంబులెన్సూ ఉంటాయి. అయినా అక్కడా పూచీ లేదు. 2023 ఆగస్టు 5న చెన్నై ట్రాక్ మీదే బెంగళూరుకు చెందిన 13 ఏళ్ల శ్రేయస్ హరీశ్ ప్రాణాలు కోల్పోయాడు. అంత ఏర్పాటున్న చోటే ప్రాణం పోయిందంటే, ఎదురుగా లారీలు, పశువులు వచ్చే రాజీవ్ రహదారి పందేనికి చోటే కాదని పిల్లాడికి మనమే కూర్చోబెట్టి చెప్పాలి.

బావిలోకి దిగే తండ్రి తలమీద టోపీ లేకుండా ఒక్క అడుగు వేయడు, కంపెనీ వేయనివ్వదు. ఆ నియమాన్ని ఇంటి గడప దగ్గర కూడా పెట్టండి: హెల్మెట్ లేనిదే తాళం లేదు, లైసెన్సు లేనిదే బండి లేదు. తండ్రి బండి తీసినా, కొడుకు బండి తీసినా ఇదే నియమం నడవాలి.